గోడ అవతలి గురక: చట్టం ఎంతవరకు ఆదుకుంటుంది?

జగ్గయ్యపేట, నందిగామ వంటి మెట్ట పట్టణాలలో ఒకప్పుడు పెరడూ అరుగూ ఉన్న ఇళ్ల స్థలాలలో నేడు నాలుగైదు అంతస్తుల గ్రూపు ఇళ్లు వెలుస్తున్నందువల్ల, ఒక కుటుంబం పడకగదికీ మరొక కుటుంబం పడకగదికీ నడుమ ఒకే ఒక గోడ మిగులుతున్నది. వేసవిలో పగలంతా కాగిన శ్లాబు అర్ధరాత్రి దాకా సెగ కక్కుతుండగా కిటికీలు తెరవక తప్పని ఈ ప్రాంతంలో, పక్క ఫ్లాటులోని గురక ఆ గోడను దాటవలసిన అవసరం కూడా లేకుండా నేరుగా చెవిన పడుతుంది. నెలల తరబడి నిద్ర చెడినవారు పోలీసు స్టేషనుకు వెళ్లవచ్చునా, కోర్టులో దావా వేయవచ్చునా, ఫ్లాట్ల యజమానుల అసోసియేషను చేత ఆ పొరుగువారిని ఖాళీ చేయించవచ్చునా అని అడగడం సహజం. గురకను నేరంగా పేర్కొన్న చట్టం భారతదేశంలో లేదు. అది ఒళ్లు తెలియని స్థితిలో శరీరం తనంత తాను చేసే చప్పుడు గనుక, దానికి మనిషిని దోషిగా నిలబెట్టడం న్యాయమూ కాదు. అయినప్పటికీ నిద్ర కోల్పోయినవారికి చట్టంలో ఏ ఆసరా లేదనుకోవడం పొరపాటు. ఆ ఆసరా గురక పెట్టే మనిషి మీద గాక, నాసిరకం గోడ మీద, హోరెత్తించే యంత్రం మీద, కక్షసాధింపు మీద పనిచేస్తుంది.

రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రసాదించే జీవించే హక్కులో, వద్దన్నా చెవిన పడే మోత నుంచి రక్షణ కూడా ఇమిడి ఉన్నదని సుప్రీంకోర్టు 2005 జూలై 18న శబ్ద కాలుష్యంపై ఇచ్చిన తీర్పులో స్పష్టం చేసింది. 2011 జూన్‌లో ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో నిద్రిస్తున్న జనంపై అర్ధరాత్రి వేళ పోలీసులు జరిపిన చర్యను విచారించి, 2012 ఫిబ్రవరి 23న ఇచ్చిన తీర్పులో నిద్రను ప్రాథమిక హక్కులో భాగంగా గుర్తించింది. ఈ తీర్పులు ఎంతో విలువైనవే గాని, ప్రాథమిక హక్కులు ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేసేవి కాబట్టి, పక్క ఫ్లాటువారి గురక మీద హైకోర్టులో రిట్ వేయడానికి వాటిని ఆధారం చేసుకోవడం కుదరదు.

పౌరులు తరచుగా ఉదహరించే శబ్ద కాలుష్య (క్రమబద్ధీకరణ, నియంత్రణ) నియమాలు 2000లో పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చాయి. వీటి ప్రకారం రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు రాత్రివేళగా లెక్క. నివాస ప్రాంతాలలో శబ్ద పరిమితి పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 డెసిబెళ్లు. డెసిబెల్ అనేది శబ్ద తీవ్రతకు కొలమానం. అది సాధారణ కూడికల లెక్కన పెరగదు, 10 డెసిబెళ్లు పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది, చెవికి మాత్రం మోత రమారమి రెట్టింపైనట్లు తోస్తుంది. నిర్ణీత పరిమితిని 10 డెసిబెళ్లు గాని అంతకు మించి గాని దాటినప్పుడు, లేదా రాత్రివేళ ఆంక్షలను ఉల్లంఘించినప్పుడు, అధీకృత అధికారికి ఫిర్యాదు చేయవచ్చు. అంటే రాత్రిపూట మోత 55 డెసిబెళ్లకు చేరితే తప్ప మామూలు ఫిర్యాదుకు పునాది ఏర్పడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాలు పడకగదిలో ఎడతెగని శబ్దం 30 డెసిబెళ్లు దాటరాదన్నాయి. నిద్ర చెడిపోవడానికీ చట్టం కదలడానికీ మధ్య ఇంతటి ఎడం ఉన్నది. గోడ వడగట్టిన తరువాత వినవచ్చే గురక సాధారణంగా ఈ ఎడంలోనే చిక్కుకుంటుంది. పైగా ఆ నియమాలు ఆరుబయలు పరిసరాల సగటు శబ్దాన్ని ఉద్దేశించినవే గాని పడకగది లోపలి చప్పుడును ఉద్దేశించినవి కావు. జగ్గయ్యపేట పరిసరాల సిమెంటు కర్మాగారాలలో రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్రపోయే కార్మికులకు రాత్రివేళ ఆంక్షల రక్షణ కూడా దక్కదు. ఇది చట్టంలోని లోటు, సవరించవలసిన లోటు.

పోలీసుల దగ్గరకు వెళ్లేవారు సాధారణంగా న్యూసెన్సు అనే మాట వాడుతారు. ప్రజా న్యూసెన్సు అంటే జనసామాన్యానికి లేదా ఆ పరిసరాలలో ఉండేవారందరికీ బాధ కలిగించే పని లేదా అలాంటి అలక్ష్యం. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 270వ సెక్షను దానిని నిర్వచించగా, 292వ సెక్షను వెయ్యి రూపాయల వరకు జరిమానా విధిస్తుంది. ఒక ఫ్లాటులోని గురక మరొక ఫ్లాటువారిని మాత్రమే బాధిస్తుంది కనుక అది ఈ నిర్వచనంలో ఇమడదు. వ్యక్తిగత న్యూసెన్సు వేరు. ఒకరు తమ ఇంటిని సుఖంగా అనుభవించడానికి పొరుగువారు అసమంజసమైన రీతిలో ఆటంకం కలిగించడం దాని లక్షణం, దానికి పరిష్కారం సివిల్ కోర్టులో నష్టపరిహారం లేదా ఇంజంక్షను, అంటే ఫలానా పని చేయరాదని కోర్టు ఇచ్చే నిషేధపు ఉత్తర్వు. నివాసాల నడుమ పిండిమర పెట్టిన దత్తా మల్ చిరంజీలాల్ వ్యాజ్యంలో, 1960 నాటి న్యాయ నివేదికలలో చేరిన అలహాబాదు హైకోర్టు తీర్పు అటువంటి మోతను వ్యక్తిగత న్యూసెన్సుగానే పరిగణించింది. అయితే పిండిమర వేరు, గురక వేరు. బ్రిటన్‌లో సౌత్‌వార్క్ పురపాలక గృహాల అద్దెదారులు పొరుగువారి మాటలు, టీవీ, పసిబిడ్డల ఏడుపు సమస్తం వినిపిస్తున్నాయని మొరపెట్టుకున్నప్పుడు, ఇంటిని ఇంటిగా మామూలుగా వాడుకోవడం న్యూసెన్సు కాదని హౌస్ ఆఫ్ లార్డ్స్ 1999లో తేల్చింది. ఆ తీర్పు మన కోర్టులను కట్టివేయకపోయినా, గురకకు అంతకన్నా దగ్గరి పోలిక దొరకడం కష్టం. దీనికి తోడు న్యూసెన్సు అవుతుందో కాదో సహేతుకంగా స్పష్టం కాని పనిని నిలుపుతూ ఇంజంక్షను ఇవ్వరాదని 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 41వ సెక్షను చెబుతున్నది. నిద్రలో గురక పెట్టరాదని ఉత్తర్వు ఇచ్చినా దానిని పాటించడం ఏ మనిషికీ సాధ్యం కాదు.

బాధితులు తమకు తెలియకుండానే తప్పు చేసే చోటు ఇక్కడే ఉన్నది. గురకకు బదులుగా అర్ధరాత్రి గోడను బాదడం, పళ్లాలు మోగించడం, పాటలు పెద్దగా పెట్టడం మొదలైతే, అంతవరకు నిర్దోషిగా ఉన్న బాధితులే చట్టం దృష్టిలో బాధించేవారవుతారు. పక్కింటి సంగీత పాఠాలకు విసిగి ఈలలు వేస్తూ, పళ్లెరాలు కొట్టిన వ్యక్తి మీద ఇంగ్లండు కోర్టు 1893లోనే, క్రిస్టీ వర్సెస్ డేవీ అనే వ్యాజ్యంలో, ఇంజంక్షను ఇచ్చింది. బాధించాలనే ఉద్దేశం ఉండటమే అక్కడ నిర్ణాయకమైంది. గురకను రికార్డు చేసి అసోసియేషను వాట్సాప్ గ్రూపులో పేరుతో పెట్టడం మరింత కూడని పని; అది మనిషి ఆంతరంగికతను బజారున పెట్టడమే గాక, తోడుగా అవమానకరమైన రాతలు చేరితే పరువునష్టానికి సంబంధించిన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షనుకు కూడా దారితీయవచ్చు. అసోసియేషనుకు ఉన్న అధికారమంతా దాని ఉపవిధుల నుంచి, అంటే సభ్యులు ఆమోదించిన నిబంధనల నుంచి వచ్చేదే. నీటి కొళాయి కట్టేయడానికి గాని, అద్దెదారును వెళ్లగొట్టడానికి గాని దానికి హక్కు లేదు. ఫ్లాటులో అద్దెకున్న బాధితులకు మాత్రం ఒక సులువు ఉన్నది: ఒప్పందంలో వేరే గడువు లేని నెలవారీ అద్దెను ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను ప్రకారం పదిహేను రోజుల నోటీసుతో ముగించుకోవచ్చు.

యంత్రాల సంగతి పూర్తిగా వేరు. పక్కవారి కిటికీకి ఎదురుగా బిగించిన ఏసీ అవుట్‌డోర్ యూనిట్, వణుకుతూ మోగే కూలరు, తెల్లవారుజామున నడిచే బోరు మోటారు, జనరేటరు మనిషి స్వాధీనంలో ఉండేవి, మార్చగలిగినవి. కాబట్టి గురక విషయంలో నిస్సహాయంగా నిలిచే న్యూసెన్సు సూత్రాలే ఇక్కడ బలంగా పనిచేస్తాయి. సొంత స్థలంలో వాడే ధ్వని పరికరాల మోత ఆ స్థలం సరిహద్దు వద్ద పరిమితిని 5 డెసిబెళ్లకు మించి దాటరాదని శబ్ద నియమాలు కూడా చెబుతున్నాయి.

గోడ విషయంలో బిల్డరును ప్రశ్నించవచ్చు. నాలుగున్నర అంగుళాల గోడను తొమ్మిది అంగుళాలు చేస్తే, అంటే బరువు రెట్టింపు చేస్తే, అవతలికి వెళ్లే శబ్దం సుమారు 5, 6 డెసిబెళ్లు తగ్గుతుంది. ఒప్పందంలోనో నక్షాలోనో చూపిన దానికన్నా పలుచని గోడ కట్టినా, డక్టును, అంటే గొట్టాలు వెళ్లే సందును, బోలుగా వదిలినా, అది పనితనపు లోపమవుతుంది. స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు తెలియజేసిన అటువంటి లోపాన్ని 30 రోజులలో ఉచితంగా సరిచేయాలని 2016 నాటి స్థిరాస్తి (నియంత్రణ, అభివృద్ధి) చట్టం, అంటే రెరా, 14వ సెక్షను నిర్దేశిస్తుంది. స్థలం 500 చదరపు మీటర్లకు గాని, ఫ్లాట్లు ఎనిమిదికి గాని మించని కట్టడాలకు రెరా రిజిస్ట్రేషను అక్కరలేదు. చిన్న పట్టణాల గ్రూపు ఇళ్లు అనేకం ఈ కోవలోకి వస్తాయి కనుక, వాటిలో కొన్నవారికి జిల్లా వినియోగదారుల కమిషనే అనువైన వేదిక, అక్కడ రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి.

గురకను పొరుగువారి తప్పుగా చూడటం మానితే కనిపించే విషయం మరొకటి ఉన్నది. పెద్ద గురక మధ్యలో శ్వాస పది సెకండ్లో అంతకు మించో ఆగి, ఉక్కిరిబిక్కిరితో మళ్లీ మొదలవడం నిద్రలో శ్వాస అడ్డగించే జబ్బుకు, అంటే స్లీప్ ఆప్నియాకు గుర్తు కావచ్చు. గంటకు ముప్పై సార్లు గాని అంతకన్నా ఎక్కువగా గాని ఇలా జరిగితే దానిని తీవ్రమైనదిగా వైద్యులు లెక్కిస్తారు. రక్తపోటు, గుండెజబ్బు, పగటి కునుకు దాని వెంట వస్తాయి. హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీద సిమెంటు లారీలు నడిపేవారు ఉండే ఈ ఊళ్లలో పగటి కునుకు ఎంత ప్రమాదకరమో వివరించనక్కరలేదు. ఒంటరిగా పడుకునే వ్యక్తికి తన శ్వాస ఆగుతున్న సంగతి తెలియదు. గోడ అవతల మేలుకుని ఉన్నవారికి అది తెలుస్తుంది. ఆ సంగతిని ఫిర్యాదుగా గాక ఆరోగ్య సమాచారంగా, ఏకాంతంలో, ఇంటి పెద్ద ద్వారా చెప్పడం మంచిది.

మాటలతో తెమలని పక్షంలో దావాకు ముందే లోక్ అదాలత్‌ను, అంటే రాజీ కుదిర్చే న్యాయవేదికను, ఆశ్రయించవచ్చు. 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా నుంచి విడివడి ఎన్టీఆర్ జిల్లాలో చేరిన ఈ రెండు పట్టణాలలోనూ కోర్టులు, వాటిని అంటిపెట్టుకొని మండల న్యాయసేవా కమిటీలు ఉన్నాయి. మహిళలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు ఆదాయంతో నిమిత్తం లేకుండా 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను కింద ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. 15100 నంబరుకు ఫోను చేసి వివరం కనుక్కోవచ్చు. మంచాన్ని ఉమ్మడి గోడ నుంచి ఎదుటి గోడకు జరపడం, డక్టు వైపు వెంటిలేటరును మూయడం, గోడకు లోపలి వైపు వేసే శబ్దనిరోధక పలకల ఖర్చును ఇరువర్గాలూ సగం సగం భరించడం వంటి షరతులతో రాజీ కుదిరితే, దాని మీద లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు అదే చట్టం 21వ సెక్షను ప్రకారం సివిల్ కోర్టు డిక్రీతో సమానమవుతుంది, దానిపై అప్పీలు ఉండదు.