ముందుగా చేర్చు త్రోవ

విద్యార్థులారా! విమానము నేలపై దిగినతోడనే ప్రయాణము ముగిసినదని పలువురు తలంతురు. అది పొరపాటు. విమానాశ్రయములు సాధారణముగా ఊరికి దూరముగా నుండును. రెండు గంటలలో సముద్రమును దాటి వచ్చినవాడు, అచ్చటినుండి నగరము నడిబొడ్డునకు చేరుటకు మరి రెండు గంటలు వెచ్చించుట వింత కాదు. ఈ చిన్న ప్రయాణమునకు ఏ వాహనమును ఎన్నుకొనవలెనను ప్రశ్న చూచుటకు స్వల్పముగా కనబడును. కాని దానికి తగిన సమాధానము తెలియక నేనొకసారి ఎంత నొచ్చుకొంటినో మీకు చెప్పెదను.

2023 నవంబరు నెలలో నేను అండమాను దీవులలో ఉద్యోగము చేయుచున్న మా కుమారుని యింట నుంటిని. విజయవాడలోనున్న మా అక్కగారికి మరునాటి ఉదయము 8 గంటలకు శస్త్రచికిత్స జరుగునని కబురు వచ్చినది. “తమ్ముని ఒక్కసారి కన్నులార చూచి లోనికి పోవుదును” అని ఆమె కోరినదట. మా తల్లి గతించిన పిదప నన్ను పెంచి పెద్దచేసినది ఆమెయే. నేను వెంటనే బయలుదేరితిని.

సాయంకాలము 4 గంటల 15 నిమిషములకు విమానము చెన్నపట్టణమున దిగెను. సామాను తీసికొని వెలుపలికి వచ్చుసరికి 4 గంటల 50 నిమిషములయ్యెను. సెంట్రల్ స్టేషనులో నేను ఎక్కవలసిన రైలు 6 గంటల 30 నిమిషములకు బయలుదేరును. నడుమ దూరము సుమారు 18 కిలోమీటర్లు. చేతిలో 100 నిమిషములున్నవి గదాయని ధైర్యముగా టాక్సీ కడకు పోయితిని. “ఎంతసేపు పట్టును?” అని యడిగితిని. “త్రోవ బాగుండిన ముప్పావు గంట” అని టాక్సీవాడు చెప్పెను. అతడు చెప్పినది నిజమే. నేను ‘ముప్పావు గంట’ అను మాటను విని, ‘త్రోవ బాగుండిన’ అను మాటను విడిచితిని.

నాడు వాన కురియుచుండెను. కార్యాలయములు విడిచిపెట్టు వేళ. కత్తిపార కూడలి దాటునప్పటికే చాలసేపు పట్టెను. గిండీ వద్ద మా కారు కదలక నిలిచియుండగా, ఎత్తైన వంతెనమీద మెట్రో రైళ్లు ఒకదాని వెనుక నొకటి నగరమువైపు సాగిపోవుచుండెను. సైదాపేట వంతెన, అన్నాసాలై, ప్రతి కూడలి వద్దను ఎఱ్ఱదీపమే. సెంట్రలు చేరునప్పటికి 6 గంటల 40 నిమిషములు. రైలు వెడలి పది నిమిషములైనది. ఆ రాత్రి మరియొక బండిలో నాకు చోటు దొరకలేదు. మరునాడు మధ్యాహ్నమునకు విజయవాడ చేరితిని. అప్పటికి అక్కగారిని లోనికి తీసికొనిపోయి నాలుగు గంటలు దాటినది. దైవకృపవలన ఆమె కోలుకొనెను. సాయంకాలము కన్నులు తెరచి, “తమ్ముడూ, తలుపువైపే చూచుచు పోయితినిరా” అని మాత్రమనెను. ఆ మాట నేటికిని నన్ను బాధించుచున్నది.

నేను చేసిన పొరపాటేమి? నాలుగు నెలల తరువాత ఎనిమిదవ తరగతి చదువుచున్న మా మనుమడు దానిని నాకు లెక్క వేసి చూపెను. అక్కగారికి రెండవసారి చికిత్స జరుగవలసివచ్చి, మేమిద్దరమును అదే విమానములో చెన్నపట్టణమునకు వచ్చుచుంటిమి. వాడు ఒక కాగితము తీసి, “తాతయ్యా, బండి నడచు కాలమొక్కటే లెక్కించినచో చాలదు. ఇక్కడి గడపనుండి అక్కడి గడపవరకు లెక్కింపవలెను” అని యిట్లు వ్రాసెను.

మెట్రో స్టేషనునకు నడక 10 నిమిషములు. టిక్కెట్టునకును తనిఖీకిని 5. రైలు కొరకు వేచియుండుట 7. ప్రయాణము 40. దిగి, భూమిలోపలి స్టేషనునుండి పైకి వచ్చి, పెద్దరైలు నిలుచు చోటికి పోవుట 15. మొత్తము 77 నిమిషములు. ఇక టాక్సీ. వరుసలో నిలిచి బండి యెక్కుటకు 15, దిగి రైలు కడకు పోవుటకు 5. నడుమ ప్రయాణము త్రోవ బాగుండిన 40, బాగుండనిచో 90 లేక అంతకు మించి. అనగా మొత్తము 60 నిమిషములు కావచ్చును. 110 నిమిషములును కావచ్చును.

“చూచితివా నాయనా, టాక్సీయే త్వరగా చేరవచ్చును గదా?” అని నేనంటిని. “చేరవచ్చును, తాతయ్యా. కాని మనకున్నవి 100 నిమిషములు. టాక్సీ ఆలస్యమైనచో రైలు తప్పును. మెట్రో కొంచెము ఆలస్యమైనను రైలు తప్పదు” అని వాడు బదులు చెప్పెను. నేను నిరుత్తరుడనైతిని. మంచి ఘడియలో ఎంతసేపు పట్టునో కాక, చెడ్డ ఘడియలో ఎంతసేపు పట్టునో పోల్చి చూడవలెనని ముప్పది యేండ్లు పాఠములు చెప్పిన నాకు వాడు నేర్పెను.

మెట్రోకు ఈ నిలుకడ ఏల కలిగినది? ఆ మార్గము దానిదే గనుక. చెన్నపట్టణపు విమానాశ్రయమునకు మెట్రో 2016 సెప్టెంబరు 21న వచ్చినది. అన్నాసాలై క్రిందుగా సెంట్రలువరకు నేరుగా పోవు మార్గము 2019 ఫిబ్రవరి 10న పూర్తియైనది. అది కొంతదూరము ఎత్తైన వంతెనమీదను, సైదాపేటనుండి భూమిలోపలను సాగును. వీధిలోని రద్దీ గాని, ఎఱ్ఱదీపములు గాని దానిని ఆపజాలవు.

విమానాశ్రయమునకు ఎదుట తిరుశూలము అను స్టేషను కూడ కలదు. 1931లోనే విద్యుచ్ఛక్తితో నడచిన సబర్బన్ రైలుమార్గమది. సెంట్రలునకు ఎదురుగానున్న పార్క్ స్టేషనులో దిగవచ్చును. రుసుము మిక్కిలి తక్కువ. చేతిసంచి మాత్రమే యున్నవానికి, రద్దీలేని వేళ, అది చక్కని త్రోవ. పెట్టెలతో సాయంకాలమున దానిని ఎక్కుట ముసలివారికి కష్టము.

వేగముగల బండియే ముందుగా చేర్చునను భ్రమ ఇంకొకటి. చైనాలోని షాంఘై నగరమున 2004నుండి పుడోంగ్ విమానాశ్రయమునకు అయస్కాంతశక్తితో పట్టాలను తాకక నడచు రైలు కలదు. గంటకు 430 కిలోమీటర్ల వేగమును అందుకొనగలిగిన ఆ రైలు 30 కిలోమీటర్ల దూరమును పది నిమిషములలోపుననే దాటును. కాని అది నగరమధ్యమునకు పోదు. లాంగ్‌యాంగ్ రోడ్డు స్టేషనులో దిగి, మరల మెట్రో ఎక్కవలెను. లండనులో హీత్రో ఎక్స్‌ప్రెస్ 15 నిమిషములలో పాడింగ్టన్ చేర్చును. 2022లో ఆరంభమైన ఎలిజబెత్ లైను అచ్చటికి వచ్చుటకు దాదాపు రెట్టింపు కాలము తీసికొనును. అయినను అది బండి మార్పు లేకయే నగరము నడుమనుండి సాగిపోవును. కావున పాడింగ్టన్ దాటి పోవువానికి నెమ్మదియైన రైలే అనుకూలము కావచ్చును.

అట్లని మెట్రోయే ఎల్లప్పుడును మేలని తలపరాదు. నడిరేయి అది నడువదు. తెల్లవారుజామున వీధులు ఖాళీగానున్నప్పుడు టాక్సీయే ముందు చేర్చును. రోగులును, పసిపిల్లలును వెంటనున్నప్పుడు గడపవద్ద దించు బండియే ఉత్తమము. ఏ వేళ, ఎవరితో, ఎంత సామానుతో, ఎచ్చటికి పోవుచున్నామో విచారించి నిర్ణయించుకొనవలెను.

ఆనాడు మేము మెట్రో ఎక్కితిమి. రైలు బయలుదేరుటకు ఇంకను ఇరువది నిమిషములుండగనే మా పెట్టెలో కూర్చుంటిమి. మరునాటి ఉదయము 7 గంటలకు నేను అక్కగారి మంచముకడ నుంటిని. ఆమె నా చేయి పట్టుకొని, “వచ్చితివా!” అని నవ్వెను. లోనికి తీసికొనిపోవువరకు ఆ చేయి విడువలేదు. నా మనుమడు తన లెక్కల కాగితమును మడిచి జేబులో పెట్టుకొనెను.

ప్రశ్నలు

1. టాక్సీవాడు చెప్పిన మాటలో రచయిత దేనిని గమనింపలేదు? దాని ఫలితమేమి?
2. మెట్రో 77 నిమిషములును, టాక్సీ 60 నిమిషములును పట్టగలవని తెలిసియు మనుమడు మెట్రోను ఏల కోరెను?
3. షాంఘై రైలు ఉదాహరణమువలన మీరు గ్రహించిన దేమి?
4. మీ యింటినుండి సమీపపు రైలుస్టేషనునకు పోవు రెండు మార్గములను గడపనుండి గడపవరకు లెక్కించి వ్రాయుడు.