మూలుగలో దాక్కునే జబ్బు

వేటమాంసం కూరలో ఎముక కొట్టి, మూలుగ ఇష్టంగా పీలుస్తారు. అలాంటి మూలుగే మనిషి ఎముకల్లోనూ ఉంది. మన రక్తం తయారయ్యేది అక్కడే.

రక్తంలో కంటికి కనబడని చిన్న చిన్న కణాలు ఉంటాయి. అవి మూలుగలో పుడతాయి. వాటిని పట్టుకుని, మేత పెట్టి పెంచే కణాలు వేరే ఉన్నాయి. డాక్టర్లు వాటిని స్ట్రోమా కణాలు అంటారు. మనం ఆసరా కణాలు అందాం. పురిటి బిడ్డను సాకే అమ్మమ్మ లాంటివి ఇవి.

రక్త కేన్సర్ వస్తే చెడ్డ కణాలు అదుపు లేకుండా పెరుగుతాయి. ఆసరా కణాలకు మంచీ చెడూ తెలియదు. వీటినీ సాకుతాయి. మంచి కణాలకు చోటు ఉండదు. బిడ్డ పాలిపోతుంది. జ్వరం విడవదు. చిగుళ్ల నుంచి రక్తం వస్తుంది. ఇవి కనబడితే కేన్సరే అని కాదు. కానీ రక్త పరీక్ష చేయించాలి.

"జ్వరం తగ్గింది, బిడ్డ ఆడుకుంటోంది. ఇంకా మందులెందుకు?" అని చాలామంది తల్లులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

రుషికొండ ఒడ్డున అలను చూడండి. ఇసుక మీద ఉన్నవన్నీ ఊడ్చుకుపోతుంది. బండ సందులో పీతను మాత్రం కదపలేదు. మందు కూడా అంతే. రక్తంలో తిరిగే చెడ్డ కణాలను చంపుతుంది. ఆసరా కణాలను అంటిపెట్టుకున్నవి కొన్ని తప్పించుకుంటాయి. ఆస్పరాజినేజ్ అని ఒక మందు ఉంది. అది చెడ్డ కణాలకు తిండి దొరక్కుండా చేస్తుంది. ఆసరా కణాలు ఆ తిండిని చాటుగా అందించడం ప్రయోగశాలలో చూశారు!

ఈ జబ్బుకు మొదటి మందుల్లో ఒకటి మన తెలుగువాడి చలవే. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. అమెరికాలో ఆయన బృందం అమినోప్టెరిన్ తయారుచేసింది. సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దాన్ని 16 మంది పిల్లలకు ఇచ్చారు. 10 మందికి నెమ్మదించింది. ఈ సంగతి 1948లో ప్రకటించారు. కానీ కొన్ని నెలలకే జబ్బు తిరగబెట్టింది.

ఇప్పుడు ఒక్క మందుతో సరిపెట్టరు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రక్త కేన్సర్‌కు రెండు మూడేళ్లు రకరకాల మందులు ఇస్తారు. పూర్తిగా వాడితే చాలామంది పిల్లలకు నయమవుతుంది.

మధ్యలో మూలుగ పరీక్ష కూడా చేస్తారు. తుంటి ఎముకలో సూది గుచ్చి కొంచెం మూలుగ తీస్తారు. నడుము పడిపోతుందని కొందరు భయపడతారు. అలా జరగదు, సూది వెన్నుపాము జోలికి పోదు. విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ వైపు, అగనంపూడిలో, హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు పాత చీటీలు, రక్త పరీక్ష కాగితాలు అన్నీ సంచిలో పెట్టుకోవాలి.