బిడ్డలకు దేహమును గూర్చిన బోధ: తలిదండ్రుల బాధ్యత

పఠింపవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 31:10–13, 2 సమూయేలు 13:1–22, మార్కు 5:25–34, 1 కొరింథీయులకు 6:19, 20.



గత వేసవిలో, బడులు తెరువబడుటకు ముందు ఒక ఆదివారమున ఆరాధన ముగిసిన పిమ్మట, మా సంఘములోని తలిదండ్రులు కొందరు మా యొద్దకు ఒక కాగితము తెచ్చిరి. అది ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయునికి వ్రాసిన అర్జీ. ఎదుగుచున్న బాలబాలికలకు దేహములో కలుగు మార్పులను, నెలసరిని, గర్భధారణను, చెడ్డవారి చేతులనుండి తప్పించుకొను విధమును వయస్సునకు తగినట్లు క్రమముగా బోధింపవలెనని వారు అందులో కోరిరి. కూలికి పోవు తల్లులు కొందరు వేలిముద్రలు వేసిరి. మొదటి సంతకపు స్థలము మాకొరకు విడిచిపెట్టబడెను.

మేము వెంటనే సంతకము చేయలేదు. ప్రక్కన నిలిచియున్న పెద్దలలో ఒకరు, "అయ్యగారూ, సేవకులు చెయ్యి పెట్టదగిన కాగితమేనా యిది?" అనిరి. మేము సిగ్గుపడి, వచ్చు ఆదివారమువరకు ప్రార్థించెదమని చెప్పి, కాగితమును మడిచి బైబిలులో పెట్టుకొంటిమి. అప్పుడు ఒక తల్లి, "అయ్యగారండీ, నా కూతురు పెద్దమనిషైన నాడు మిరపచేలో రక్తం చూసుకుని చచ్చిపోతున్నాననుకుంది. ఆ ఈడులో నేనూ అట్లాగే అనుకున్నాను. రేపు నా మనవరాలూ అట్లాగే అనుకోవాలా?" అని అడిగెను. మా యొద్ద జవాబు లేకపోయెను. ఆ వారమంతయు వాక్యమును వెదకి మేము నేర్చుకొనినదే ఈ నెల పాఠము.

1. దేహము దేవుని చేతిపని

దేవుడు నరులను స్త్రీనిగాను పురుషునిగాను సృజించి, తాను చేసినదంతయు చూచి అది మంచిదని యెంచెను (ఆది. 1:27, 31). తల్లి గర్భములో తన దేహము నిర్మింపబడిన విధమును తలంచి దావీదు సిగ్గుపడలేదు, స్తుతించెను (కీర్త. 139:13–16). పాపము దేహమును చెరపగలదు గాని, దేహమును చేసినది పాపము కాదు. మన ప్రభువు స్త్రీయందు పుట్టి ఇట్టి దేహమునే ధరించెను. దేవుడు చేయుటకు సిగ్గుపడని దానిని గూర్చి మనము మాటలాడుటకు సిగ్గుపడుట భక్తి అనిపించుకొనదు.

2. ధర్మశాస్త్రము పిల్లలయెదుట చదువబడెను

మోషే ధర్మశాస్త్రమును వ్రాసి యాజకులకు అప్పగించినప్పుడు ఒక కట్టడ చేసెను. ఏడేండ్లకొకసారి పర్ణశాలల పండుగలో దానిని జనులందరి యెదుట చదువవలెను. ఎవరెవరు వినవలెను? పురుషులు, స్త్రీలు, పరదేశులు, వారితోకూడ పిల్లలు. "పిల్లలు" అను మాట అక్కడ స్పష్టముగా నున్నది.

ఆ ధర్మశాస్త్రములో ఏమి యున్నదో చూడుడి. రాత్రివేళ పురుషుని దేహములో కలుగు సంగతి ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయములో నున్నది. పొలములో బలాత్కరింపబడిన చిన్నది నిర్దోషియనియు, ఆమె కేకవేసినను రక్షించువాడు లేకపోయెననియు 22వ అధ్యాయములో నున్నది. రక్తసంబంధులను చెరపువారిమీద శాపములు 27వ అధ్యాయములో నున్నవి. ప్రతి శాపమునకును జనులందరు బిగ్గరగా ఆమేన్ అనవలెను. ఇవి వినుచు తల్లిప్రక్కన కూర్చుండిన చిన్నది ఏమి నేర్చుకొనును? "నా యింటివాడైనను నన్ను ముట్టరాదు, ముట్టినయెడల తప్పు వానిది, నాది కాదు" అని నేర్చుకొనును. నేడు బడిలో చెప్పుమని మన తలిదండ్రులు అడుగుచున్నది ఇదియే కదా!

మనమేమి చేయుచున్నాము? బిడ్డ పెద్దమనిషైనప్పుడు షామియానా వేసి, మైకు పెట్టి, ఊరంతటిని పిలిచి భోజనములు పెట్టుదుము. ఓణీ కప్పి ఫొటోలు తీయింతుము. గాని ఆమె దేహములో ఏమి జరిగినదో, అది ఎందుకు నెలనెలా వచ్చునో, ఎట్లు శుభ్రముగా నుండవలెనో ఎవరును చెప్పరు. ఊరంతటికి తెలిసిన సంగతి ఆ బిడ్డ యొక్కతెకే తెలియదు.

ఇందులో మా తప్పిదమును ఒప్పుకొనవలెను. వేసవి బైబిలు బడిలో పదియాజ్ఞలు నేర్పునప్పుడు, వ్యభిచారమును గూర్చిన ఆజ్ఞ వచ్చిన ప్రతిసారి, "పెద్దవారైన పిమ్మట తెలిసికొందురు" అని చెప్పి తరువాతి దానికి పోవుచుంటిమి. తొమ్మిది ఆజ్ఞలు వివరించి ఒకదానిని దాటివేయుచున్నామని ఏండ్లతరబడి మాకు తోచలేదు.

3. తామారు ఇంట ఏమి జరిగెను?

సమూయేలు రెండవ గ్రంథము 13వ అధ్యాయమును మన ఆలయములలో ఎంత అరుదుగా చదువుదుము! దావీదు కుమారుడైన అమ్నోను తన చెల్లెలైన తామారును ఆశించెను. వానికి బోధించినది ఎవరు? తండ్రి కాదు, యాజకుడు కాదు. పెదతండ్రి కుమారుడును స్నేహితుడునైన యోనాదాబు. రోగివలె పడుకొనుమని అతడు ఉపాయము చెప్పెను. ఇంటివారు మగబిడ్డలకు చెప్పనిది యోనాదాబు చెప్పును. నేడు యోనాదాబు ఫోనురూపమున మన పిల్లల జేబులలో నున్నాడు. చెడ్డ చిత్రములు చూచి స్త్రీని గూర్చి నేర్చుకొనువాడు అమ్నోను నేర్చినదే నేర్చును.

తామారు సంగతి మరియు గమనింపుడి. ఆమె తెలియని చిన్నది కాదు. ఇట్టి దుష్కార్యము ఇశ్రాయేలులో జరుగరాదని ఆమె అన్నతో స్పష్టముగా చెప్పెను. అది తనకెట్టి అవమానమో, అతనికెట్టి చేటో వివరించెను. వద్దనుటకు మాటలు ఆమెకు తెలియును. అతడు బలవంతుడు గనుక ఆమె మాట వినలేదు. తరువాత ఆమె తలమీద బూడిద పోసికొని, వస్త్రము చింపుకొని, వీధిలో ఏడ్చుచు పోయెను. అన్నయైన అబ్షాలోము ఆమెను చేర్చుకొనెను గాని, అమ్నోను నీకు అన్నయే గనుక ఊరకుండుమనెను. తండ్రియైన దావీదు మిగుల కోపపడెనని వ్రాయబడియున్నది; కోపపడి ఏమియు చేసినట్లు వ్రాయబడలేదు. రెండేండ్ల తరువాత ఆ యింట కత్తి దిగెను.

కావున సహోదరులారా, బిడ్డకు మాట నేర్పుట ఒక్కటే చాలదు. బిడ్డ మాటను వినుటకు పెద్దలు నేర్చుకొనవలెను. బడి మొదటిది చేయగలదు. రెండవది మన యింటిలోను సంఘములోను జరుగవలెను.

4. ఈ విద్యను గూర్చి మన దేశములో జరిగినది

2005లో కేంద్ర ప్రభుత్వము కౌమారదశ విద్యా కార్యక్రమమును పాఠశాలలలో ప్రవేశపెట్టెను. 2007లో మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, కర్ణాటక మొదలగు రాష్ట్రములు పాఠ్యచిత్రములు అసభ్యముగా నున్నవని దానిని నిలిపివేసెను. 2009లో రాజ్యసభ అర్జీల సంఘము, శ్రీ ఎం. వెంకయ్య నాయుడుగారి అధ్యక్షతను, ఇట్టి విద్య మన సంస్కృతికి తగదని నివేదిక యిచ్చెను. నిలిపివేయవలెనని కోరినవారును బిడ్డల క్షేమమునే కోరిరి, వారిని నిందింపరాదు.

అయితే అదే 2007లో కేంద్ర స్త్రీ శిశు సంక్షేమ శాఖ ప్రకటించిన అధ్యయనమును కూడ చదువవలెను. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 13 రాష్ట్రములలో 12,447 మంది బిడ్డలను అడిగిరి. వారిలో 53.22 శాతము మంది ఏదో ఒక విధమైన లైంగిక వేధింపునకు గురియైతిమని చెప్పిరి. వేధించినవారిలో సగముమంది బిడ్డలు ఎరిగినవారు, నమ్మినవారు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, 20 నుండి 24 ఏండ్ల వయస్సు స్త్రీలలో 18 నిండకమునుపే పెండ్లియైనవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతము, తెలంగాణలో 23.5 శాతము. మౌనము మన బిడ్డలను కాపాడలేదని ఈ లెక్కలే చెప్పుచున్నవి.

2020లో పాఠశాల ఆరోగ్య కార్యక్రమము క్రొత్త పాఠ్యక్రమముతో ఆరంభమాయెను. బడికి ఇద్దరు ఉపాధ్యాయులకు తర్ఫీదునిచ్చి, 11 అంశములు బోధింపవలెనని ఏర్పాటు. ఎదుగుదల, మనస్సు యొక్క ఆరోగ్యము, స్త్రీపురుషుల సమానత్వము, హింసనుండి రక్షణ, ఫోను సురక్షితముగా వాడుట అందులోనివి. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సహితము సమగ్ర లైంగిక విద్యయొక్క ఆవశ్యకతను ఒక తీర్పులో వివరించెను. అయినను ఉపాధ్యాయుడు సిగ్గుపడి, "ఈ పాఠము ఇంటివద్ద చదువుకొనుడి" అని పుట త్రిప్పివేసినయెడల ఏ పాఠ్యక్రమమును పనికిరాదు. తలిదండ్రులు అడిగినప్పుడే ఉపాధ్యాయునికి ధైర్యము కలుగును.

5. మూడు ఆక్షేపణలు

"తెలియని పిల్లలకు తెలియజేసి చెడగొట్టుదురు" అందురు. ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థయైన యునెస్కో 2018లో సవరించి ప్రకటించిన మార్గదర్శకములు అనేక దేశముల అనుభవమును పరీక్షించినవి. ఇట్టి బోధ పిల్లలను తప్పుదారికి త్రిప్పలేదనియు, తొందరపాటును తగ్గించుననియు అవి చెప్పుచున్నవి. వయస్సునకు తగినట్లు చెప్పుటయే దానిలోని మర్మము. అయిదేండ్ల బిడ్డకు తన అవయవముల పేర్లు, వద్దని కేకవేయుట తెలిసిన చాలును.

"ఇది తల్లిదండ్రుల పని" అందురు. సత్యమే. ఇంట కూర్చున్నను త్రోవ నడిచినను బిడ్డలకు బోధింపవలెనని ఆజ్ఞ గలదు (ద్వితీ. 6:7). సామెతలు 5, 6, 7 అధ్యాయములలో తండ్రి కుమారునికి ఈ సంగతులనే దాపరికము లేక చెప్పెను. అయితే ఎంతమందిమి చెప్పితిమి? మరియు కీడుచేయువాడు ఇంటివాడే అయినప్పుడు ఆ బిడ్డ ఎవరి యొద్ద నేర్చుకొనును?

"బడి మన విశ్వాసమునకు విరోధముగా చెప్పవచ్చును" అందురు. బడి దేహము పనిచేయు విధమును, ఆరోగ్యమును, రక్షణను చెప్పును. వివాహము యొక్క పరిశుద్ధతను, దేహము పరిశుద్ధాత్మకు ఆలయమను సత్యమును చెప్పవలసినది మనమే. పాఠమును ముందుగా చూపుమని అడుగుటకు మనకు హక్కు కలదు. బడి ఒక చేయి, ఇల్లు ఒక చేయి. రెండు చేతులతో ఎత్తిన కుండ భద్రముగా నుండును.

6. ఊరకుండుమనుట నేరము

14 నవంబరు 2012న అమలులోనికి వచ్చిన పోక్సో చట్టము 18 ఏండ్లలోపు బిడ్డలందరిని, ఆడబిడ్డలనేగాక మగబిడ్డలనుకూడ కాపాడుచున్నది. కీడు జరిగినదని తెలిసిన ప్రతివాడును పోలీసులకు తెలియజేయవలెను. తెలిసియు తెలుపనివాడు శిక్షార్హుడు. సంఘకాపరికిని, సంఘపెద్దలకును మినహాయింపు లేదు. బిడ్డ వాంగ్మూలమును ఇంటివద్దనే, సాధ్యమైనంతవరకు స్త్రీ అధికారి, యూనిఫారము లేకుండ వ్రాసికొనవలెను. రాత్రివేళ బిడ్డను ఠాణాలో ఉంచరాదు. 1098 అను నంబరునకు బిడ్డయే ఫోను చేయవచ్చును.

పెద్దమనుషులు కూర్చుండి, "పరువు పోవును" అని చెప్పి, డబ్బు ఇప్పించి సంగతి మూసివేయుట గ్రామములలో జరుగుచున్నది. అది అబ్షాలోము మాటయే, దావీదు పనియే. చిన్నవారిని అభ్యంతరపరచువాని మెడకు తిరుగటిరాయి కట్టబడుట మేలని మన ప్రభువు చెప్పినది మనము మరువరాదు (మత్త. 18:6).

అదే ప్రభువు పన్నెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీని రహస్యముగా వెళ్లిపోనియ్యలేదు. ఆమె జనసమూహము నెదుట తన సంగతియంతయు చెప్పెను. ఆయన ఆమెను కుమారీ అని పిలిచి సమాధానముతో పంపెను. జనులెదుట చెప్పరానిదని మనమనుకొను మాటను ఆయన నిలిచి వినెను.

తరువాతి ఆదివారమున మేము ఆ కాగితమును తెరచి సంతకము చేసితిమి. ప్రధానోపాధ్యాయుడు తలిదండ్రులను పిలిపించి పాఠములను ముందుగా చూపించెను. బాలికలకు ఉపాధ్యాయిని, బాలురకు ఉపాధ్యాయుడు చెప్పునట్లు ఏర్పాటు చేసెను. ఆనాడు మమ్మును ప్రశ్నించిన పెద్ద యింకను సంతకము చేయలేదు. గాని ఆ సమావేశమునకు వచ్చి, వెనుక బల్లమీద కూర్చుండి, చివరవరకు వినిరి.

ఇంటివద్దను స్త్రీల సమాజములోను చర్చించుటకు ప్రశ్నలు

1. మన దేహమును గూర్చి మొదట మనకు ఎవరు చెప్పిరి? ఏ రీతిగా చెప్పిరి?
2. తామారు గృహములో ఆమె మాట వినవలసినవారు ఎవరెవరు? మన సంఘములో బిడ్డ వచ్చి చెప్పుకొనుటకు ఎవరున్నారు?
3. కుమారులకు స్త్రీలను గౌరవించుట నేర్పుటకు తండ్రులు ఈ నెలలో ఏమి చేయుదురు?
4. మన ఊరి బడిలో ఈ పాఠములు చెప్పుచున్నారా? అడుగుటకు ఎవరు వెళ్లుదురు?

ప్రార్థన: మమ్మును కలుగజేసిన తండ్రీ, నీవు ఇచ్చిన దేహములను గూర్చి మా బిడ్డలకు సత్యము చెప్పుటకు మాకు నోరిమ్ము. వారు ఏడ్చుచు వచ్చినప్పుడు ఊరకుండుమని చెప్పక వినుటకు మాకు చెవులిమ్ము. మేము దాటివేసిన పాఠములను క్షమించుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.