చదువురాని వారికి కనబడు చట్టము

(పాఠ్యభాగములు: ద్వితీయోపదేశకాండము 24:14, 15, హబక్కూకు 2:2)



మొయినాబాదు, చేవెళ్ళ ప్రాంతములలో పొలములుండిన చోట నేడు ఫారంహౌసులు లేచినవి. మన స్త్రీలు అనేకులు వాటిలోను, హైదరాబాదు వైపు ఇండ్లలోను అంట్లు తోముచు, బట్టలుతుకుచు, వంట చేయుచు జీవించుచున్నారు. వారిలో చాలమందికి నోటిమాటయే ఒప్పందము. నెలాఖరున జీతము కోసినయెడల ఏమని అడుగవలెనో, ఎవరిని అడుగవలెనో వారికి తెలియదు.

మన మొదటి పాఠ్యభాగము కూలివాని కూలిని ప్రొద్దు గ్రుంకకమునుపే ఇయ్యవలెనని నేర్పుచున్నది. రెండవది సందేశమును పలకలమీద తేటగా వ్రాయవలెనని చెప్పుచున్నది. హక్కు గ్రంథములలో ఉండుట చాలదు, అది కావలసినవారి కంటికి కనబడవలెను. అక్షరము రానివారికి బొమ్మయే పలక. గనుక సంఘములో నాలుగు బొమ్మలు గీయించి గోడకు తగిలింపవచ్చును.

1. పిల్లలు: 14 ఏండ్లలోపు పిల్లలను పరుల ఇంటిపనిలో పెట్టుట 2006 అక్టోబరు 10 నుండి నిషేధము. 2016 సవరణ ఆ వయస్సువారిని ఏ పనిలోను పెట్టరాదనెను. బడి వేళలు గడచిన తరువాత సొంత కుటుంబమునకు సాయపడుట మాత్రము తప్పు కాదు. బొమ్మలో బడిసంచితో నడచు బాలికను, క్రింద 1098 అను ఫోను నంబరును వేయవలెను.

2. జీతము: 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఇంటిపనిని కనీస వేతనముల పట్టీలో చేర్చెను. మొత్తము మారుచుండును గనుక నేటి రేటు కార్మికశాఖ అధికారిని అడుగవలెను. రూపాయి నోట్లనే గీసినయెడల అందరికి తెలియును.

3. మానము: 2013 చట్టము ఇంటిపని చేయు స్త్రీకిని లైంగిక వేధింపునుండి రక్షణ నిచ్చినది. మూడు నెలలలోపు జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చును. వ్రాయలేని స్త్రీకి వ్రాయుటలో సాయపడవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. ఇద్దరు స్త్రీలు కూర్చుండి, ఒకతె చెప్పగా మరియొకతె వ్రాయు బొమ్మ వేసి, 181 నంబరు చేర్చవలెను.

4. లెక్క: పాలలెక్కవలెనే గోడ క్యాలెండరులో పనికి వెళ్ళిన దినమున చుక్క, నాగా దినమున సున్న, జీతమందిన దినమున గీత పెట్టవలెను. తగవు వచ్చినప్పుడు ఇది జ్ఞాపకమునకు ఆసరా.

ఒక హెచ్చరిక. కూడదని తెలుపుటకు బొమ్మమీద ఇంటూ గుర్తు పెట్టుదురు. మన ప్రజలలో కొందరు దానిని సిలువ గుర్తనుకొనవచ్చును. కాబట్టి బొమ్మను గోడకెక్కించకమునుపు పనికి వెళ్ళు సహోదరికి చూపి, "ఇందులో ఏమున్నదమ్మా?" అని అడుగుదము. ఆమె వేరుగా చెప్పినయెడల తప్పు బొమ్మదే గాని ఆమెది కాదు.

ఇంటిపనివారి కొరకు ప్రత్యేక చట్టమును ఆలోచింపుమని సుప్రీంకోర్టు 2025 జనవరిలో కేంద్ర ప్రభుత్వమునకు చెప్పెను. ఉన్న చట్టములనైనను మనవారికి కనబరచుట మన చేతిలోని పని.

ఆలోచించుటకు ప్రశ్నలు:
మన సంఘములో ఇంటిపనికి వెళ్ళువారు ఎందరు?
వారి జీతపు లెక్క ఎక్కడ ఉన్నది?
మన యింట పనిచేయువారికి మనము సమయమునకు జీతమిచ్చుచున్నామా?