టైర్లకు వేరే బీమా: కట్టుటా, మానుటా?

పల్నాడులో మిర్చి కోతలు సాగి సరుకు గుంటూరు యార్డుకు కదిలే రోజులలో వర్తకుల కార్లకు విశ్రాంతి ఉండదు. మాచర్ల నుంచి గుంటూరుకు 120 కిలోమీటర్ల పైచిలుకు. తెల్లవారుజామున బయలుదేరి బేరాల వేళకు యార్డు చేరి, చీకటి పడేసరికి ఇల్లు చేరుకోవడం మామూలు. దారిలో ఒక టైరు పోయిందంటే ఆనాటి కమిషన్‌లో మంచి భాగం దానికే సరి. ఇటీవల కారు బీమా రెన్యూవల్ వచ్చినప్పుడల్లా ఏజెంట్లు "టైరు, రిమ్ము రక్షణ" అనే అదనపు కవరు ఒకటి చూపుతున్నారు. కట్టవలసింది వెయ్యో రెండు వేలో గదా అని కొందరు సంతకం పెట్టేస్తున్నారు. కొందరు చెప్పేది వినకుండానే వద్దంటున్నారు. సరుకు విప్పి చూడకుండా ధర పలకని వర్తకులు బీమా పత్రం దగ్గర మాత్రం ఆ అలవాటు మరచిపోవడం విచిత్రం.

ముందుగా అసలు పాలసీ టైరుకు ఏమి ఇస్తుందో తెలియాలి. 2002 జూలై 1 నుంచి అమలైన ఇండియా మోటార్ టారిఫ్‌లోని పదజాలమే నేటికీ ప్రైవేటు కార్ల ప్యాకేజీ పాలసీలకు ఆధారంగా ఉన్నది. దాని ప్రకారం టైర్లు, ట్యూబులు మాత్రమే దెబ్బతింటే కంపెనీ పైసా ఇవ్వనవసరం లేదు. అదే సమయంలో వాహనానికి కూడా దెబ్బ తగిలితేనే టైరు ఖర్చు లెక్కలోకి వస్తుంది. అప్పుడైనా కొత్త టైరు ఖరీదులో సగానికి మించి రాదు. ఇది గాక ప్రతి క్లెయిములోనూ 1500 సి.సి. వరకు గల కార్లకు రూ. 1,000, అంతకు మించిన వాటికి రూ. 2,000 యజమాని భరించవలసిందే.

పిడుగురాళ్ళ సున్నం, దాచేపల్లి సిమెంటు తోలే లారీ యజమానులకు ఈ సంగతి కొత్త కాదు. సరుకు రవాణా వాహనాలకు ఐ.ఎం.టి. 23 అనే షరతు చేర్చి స్వంత నష్టం ప్రీమియంపై 15 శాతం అదనంగా కడితేనే లైట్లు, టైర్లు, బంపర్లు, మడ్‌గార్డులు వంటివి కవరులోకి వస్తాయి. కట్టకపోతే బండి పూర్తిగా నష్టపోయినప్పుడు తప్ప వాటికి ఏమీ రాదు. కారు కొన్న వర్తకుడు మాత్రం "ఫుల్ ఇన్సూరెన్స్" అన్న మాట విని అన్నీ వస్తాయనుకొంటాడు. "జీరో డిప్" తీసుకొన్నవారిదీ అదే భ్రమ. విడిభాగాల తరుగుదలను మాఫీ చేసే ఆ కవరులో టైర్లు, ట్యూబులు, బ్యాటరీ చేరవని అనేక కంపెనీల పత్రాలలో స్పష్టంగా రాసి ఉంటుంది. యార్డులో తేమ పేరిట కోసే తరుగు గురించి గంటసేపు వాదించేవారు ఈ తరుగుదల గురించి ఒక్క ప్రశ్న వేయరు.

2007 జనవరి 1న స్వంత నష్టం బీమాపై టారిఫ్ రేట్లు తొలగించారు. ఆ తరువాత అదనపు కవర్లు తెచ్చుకొనే వీలు కంపెనీలకు కలిగింది. టైరు రక్షణ ఆ విధంగా వచ్చినదే. టారిఫ్ లేదు గనుక దీనికి ఒకే ధర గాని, ఒకే షరతు గాని లేదు. ఒక కంపెనీ టైరు వరకే ఇస్తుంది, మరొకటి రిమ్మును కూడా చేరుస్తుంది. పేలుట, కోసుకుపోవుట, పక్కభాగం ఉబ్బుట సాధారణంగా కవరులో ఉండేవి. పంక్చరు, మామూలు అరుగుదల, అలైన్‌మెంట్ సరిగా లేక ఒక పక్కే అరిగిపోవుట, దొంగతనం సాధారణంగా ఉండనివి. ఏడాదికి ఇన్ని క్లెయిములని, కారు వయస్సు ఇంతకు మించరాదని హద్దులు కూడా ఉంటాయి. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్న పాత కారుకు ఈ కవరు దొరకదు. పాలసీ ప్రారంభంలోనో, రెన్యూవల్ నాడో తీసుకోవాలి గాని టైరు ఉబ్బిన తరువాత తీసుకొనేది కాదు.

అన్నిటికంటే ముఖ్యమైన షరతు గ్రిప్పు లోతు. అనేక కవర్లలో చెల్లింపు మిగిలి ఉన్న గ్రిప్పును బట్టి ఉంటుంది. కొత్త కారు టైరుకు ఏడెనిమిది మిల్లీమీటర్ల గ్రిప్పు ఉంటుంది. 1.6 మిల్లీమీటర్లకు వస్తే దానిని మార్చవలసిందే. గాడుల మధ్య చిన్న గట్లు ఉంటాయి, గ్రిప్పు వాటితో సమమైతే టైరు పని అయిపోయినట్లే. అంటే టైరు అరిగినకొద్దీ రావలసిన సొమ్ము తగ్గుతూ ఉంటుంది, కట్టే ప్రీమియం మాత్రం తగ్గదు.

ఒక లెక్క వేసి చూద్దాము. పన్నుతో కలిపి టైరు ఖరీదు రూ. 8,000 అనీ, కవరు ప్రీమియం రూ. 1,500 అనీ అనుకొందాము. ప్రీమియంపై 18 శాతం జి.ఎస్.టి. కలిపితే రూ. 1,770 అవుతుంది. టైరు కొత్తదై పూర్తి సొమ్ము వచ్చేటట్లయితే నాలుగున్నర ఏండ్లకు ఒక టైరు పోయినా ప్రీమియం కిట్టుబాటే. సగం అరిగిన టైరుకు సగం, అనగా రూ. 4,000 వచ్చేటట్లయితే సుమారు 27 నెలలకు ఒక టైరు తప్పనిసరిగా పోవాలి. ముప్పాతిక అరిగితే రూ. 2,000 మాత్రమే గనుక దాదాపు ఏటా ఒక టైరు పగలాలి. టైరు జీవితం 40 వేల కిలోమీటర్లనుకొంటే, ఏడాదికి 20 వేలు తిరిగే మాచర్ల వర్తకుడికి మొదటి ఏడాది ఈ కవరు అర్థవంతమైన బేరం. రెండవ ఏడాది అదే ధరకు తీసుకొంటే నష్టపు బేరం. నరసరావుపేటలోనే కొట్టు, ఇల్లు ఉండి ఏడాదికి ఐదు వేల కిలోమీటర్లు దాటని వ్యక్తి టైర్లలో గ్రిప్పు చాలాకాలం ఉంటుంది, కాని అవి దెబ్బతినే అవకాశమే తక్కువ. ఆయన ఆ రూ. 1,770 ఏటా పక్కన పెట్టుకొంటే ఐదో ఏట పడే ఒక టైరు ఖర్చు తన జేబులోనే ఉంటుంది.

ఈ లెక్కలో ఇంకొక మెలిక కలదు. సగం అరిగిన జతలో ఒక టైరు పేలితే ఒకటే కొత్తది వేయడం మంచిది కాదు. ఒకే ఇరుసుకు ఉన్న రెండిటినీ మార్చాలని టైరు షాపువారు చెబుతారు, అది న్యాయమే. కంపెనీ ఇచ్చేది పేలినదానికి మాత్రమే.

ఇక కారును బట్టి లెక్క మారుతుంది. టైరు పక్కన ఉన్న అంకెలు చదవడం ప్రతివారూ నేర్చుకోదగినది. 195/65 ఆర్ 15 అంటే వెడల్పు 195 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, సుమారు 127 మిల్లీమీటర్లు. 215/50 ఆర్ 17 అయితే సుమారు 108 మాత్రమే. రెండు సెంటీమీటర్ల రబ్బరు తగ్గినప్పుడు గుంటలో పడిన దెబ్బ నేరుగా రిమ్ముకు చేరుతుంది. ఇనుప రిమ్ము వంగితే సుత్తితో సరిచేసుకోవచ్చు. అల్లాయ్ చక్రం చీలితే మార్చడమే సురక్షితం, దాని ధర టైరును మించవచ్చు. కావున పెద్ద అల్లాయ్ చక్రాలు, సన్నని పక్కగోడ ఉన్న కారుకు రిమ్ముతో కలిపిన కవరు తప్పక ఆలోచించదగినది. రిమ్ము చేరని టైరు కవరు అటువంటి కారుకు అరకొరే. ఇనుప రిమ్ములు, ఎత్తైన పక్కగోడ గల చిన్న కారుకు ఏజెంటు ఎంత చెప్పినా తొందర అవసరం లేదు.

రోడ్డు సంగతి కూడా చూడాలి. అద్దంకి - నార్కట్‌పల్లి రోడ్డు మీద మాత్రమే తిరిగేవారి టైర్లకు, నాపరాళ్ళ క్వారీల వైపు, సున్నపు బట్టీల వైపు నిత్యం వెళ్ళేవారి టైర్లకు పోలిక లేదు. టిప్పర్ల నుంచి జారిన రాతి ముక్కలు పక్కగోడను కోసేస్తాయి. ఆ కోతకు పంక్చరు షాపులో మందు లేదు. దీనికి తోడు ఎండ. రెంటచింతల రాష్ట్రంలోనే అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో ఒకటి. గాలి తక్కువైన టైరు ఆ ఎండలో, ఆ వేగంలో లోపల కాగి పేలుతుంది. గాలి తక్కువగా నడిపినందున పేలిందని సర్వేయరు రాస్తే కవరు ఉండి కూడా ప్రయోజనం ఉండకపోవచ్చు. వారానికొకసారి చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించడం రూ. 1,770 కంటె చాలా చౌక.

నో క్లెయిమ్ బోనస్ విషయంలో వర్తకులు మరింత మెలకువగా ఉండాలి. క్లెయిమ్ లేని ఏండ్లకు వరుసగా 20, 25, 35, 45, 50 శాతం చొప్పున స్వంత నష్టం ప్రీమియంలో తగ్గింపు వస్తుంది. 35 శాతం దగ్గర ఉన్న వ్యక్తి క్లెయిమ్ చేస్తే తరువాతి మూడు రెన్యూవళ్ళలో 45, 50, 50 రావలసిన చోట 0, 20, 25 వస్తాయి. తేడా మొత్తం 100 శాతం. స్వంత నష్టం ప్రీమియం రూ. 10,000 అయితే, ఆ ప్రీమియం మారదనుకొన్నా, రూ. 4,000 టైరు కోసం రూ. 10,000 వదులుకొన్నట్లు. టైరు కవరు క్లెయిమ్ వల్ల బోనస్ పోతుందా లేదా అన్నది కంపెనీని బట్టి ఉంటుంది. పోదని ఏజెంటు నోటితో చెప్పిన మాట చాలదు, పాలసీ పత్రంలో ఆ వాక్యం చూపించమనాలి. చూపలేకపోతే ఈ కవరు తీసుకోకపోవడమే ఉత్తమం.

2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్లపై జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి తగ్గింది. మూలధర రూ. 7,500 గల టైరు రూ. 9,600 నుంచి రూ. 8,850కి దిగినట్లు. బీమా ప్రీమియంపై 18 శాతం యథాతథం. కాపాడవలసిన వస్తువు చౌకైనది, కాపలా ఖర్చు తగ్గలేదు. కనుక పాత రెన్యూవల్ ధరకే తలూపనవసరం లేదు. కారు దుకాణం పేర ఉన్నదని పన్ను తిరిగి వస్తుందనుకొనేవారు కూడా ఉన్నారు. 13 మంది వరకు కూర్చునే వాహనాల బీమాకు, మరమ్మతులకు కట్టిన జి.ఎస్.టి.కి, టాక్సీల వంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. మిర్చి, పత్తి వర్తకుడి కారుకు ఆ మినహాయింపు వర్తించదు. మరో సంగతి, కొన్ని టైరు కంపెనీలు కొత్త టైర్లపై కొంతకాలం రోడ్డు దెబ్బలకు కూడా హామీ ఇస్తున్నవి. అది చేతిలో ఉండగా అదే నష్టానికి రెండవసారి డబ్బు కట్టడం అనవసరం. బిల్లు, హామీ కార్డు భద్రపరచినవారికే అది పనికివస్తుంది.

అసలు ప్రమాదం మరొక చోట ఉన్నది. అదనపు కవరు చేర్చి, మొత్తం ప్రీమియం పెరగకుండా కారు విలువను, అంటే ఐ.డి.వి.ని, తగ్గించి రాయించుకొనేవారు ఉన్నారు. టైరు పోతే ఎనిమిది వేలు. కారు బోల్తా పడి పనికిరాకుండా పోతే లక్షలు. శీతల గిడ్డంగిలోని మిర్చికి అగ్ని బీమా మాని గోనె సంచులకు బీమా చేయించినట్లుంటుంది. వాహనం నడిపే యజమానికి వ్యక్తిగత ప్రమాద బీమాను 2018లో రూ. 2 లక్షల నుంచి రూ. 15 లక్షలకు పెంచారు. వేరేచోట అంత మొత్తానికి పాలసీ లేకుండా దానిని తీసివేయించుకొన్నవారు టైరు గురించి తరువాత ఆలోచించవచ్చు.

కవరు తీసుకొన్నవారు టైరు పేలిన చోటే ఫోటోలు తీసి, స్టెప్నీ వేసుకొని, కంపెనీకి వెంటనే తెలియజేయాలి. పాత టైరును షాపులో వదిలేయరాదు. సర్వేయరు చూడవలసినది దానినే, గ్రిప్పు కొలిచేదీ దాని మీదనే. టైరు మీద నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. టైర్లు మార్చినప్పుడు ఆ అంకెలు బిల్లు మీద రాయించుకొంటే తరువాత తగాదా ఉండదు. క్లెయిమ్ తిరస్కరించినా, ఫిర్యాదు రాసిన నెల రోజులలో జవాబు రాకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాది లోపల రాసుకోవచ్చు. వ్యక్తులతో పాటు ఒక్కరే యజమానిగా ఉన్న దుకాణాల ఫిర్యాదులు కూడా అక్కడ తీసుకొంటారు. రుసుము లేదు, వకీలు అవసరం లేదు.