వయ్యారిభామ నివారణలో నేల విత్తన నిధి ప్రాధాన్యం

కలుపు నివారణ ఫలితాన్ని నశించిన మొక్కల సంఖ్యతో అంచనా వేయడం పరిపాటి. అయితే బహువిత్తన ఏకవార్షిక కలుపు విషయంలో అసలు సమస్య నేలలో దాగిన విత్తన నిధిలో ఉంటుంది. వయ్యారిభామ ఇందుకు తగిన ఉదాహరణ. ఉష్ణమండల అమెరికా నుండి వచ్చిన ఈ మొక్కను 1950వ దశకంలో పుణె పరిసరాలలో గుర్తించారు. నేడు ఇది బంజరు భూములను దాటి గట్లను, పంట చేలను ఆక్రమించింది. కలుపు తీసే కూలీలలో చర్మ ఎలర్జీకి కూడా కారణమవుతున్నది.

విత్తన నిధిని జమాఖర్చుల ఖాతాగా భావించవచ్చు. ఏపుగా పెరిగిన ఒక్క మొక్క 15 వేలకు పైగా విత్తనాలను రాల్చగలదు. వరద నీరు, వాహన చక్రాలు, మాగని పశువుల ఎరువు మరికొన్నింటిని చేరుస్తాయి. మొలకెత్తడం, కుళ్లిపోవడం, కీటకాలకు ఆహారం కావడం ఖర్చు క్రిందకు వస్తాయి.

ఈ ఖర్చు విత్తనం ఉన్న లోతుపై ఆధారపడి ఉంటుంది. నేలపై పడిన విత్తనం తేమ తగిలితే త్వరగా మొలుస్తుంది, లేదా కొద్ది నెలలలో నశిస్తుంది. 5 సెం.మీ. కంటే లోతున పూడిన విత్తనం నుండి మొలక సాధారణంగా పైకి రాదు. కానీ విత్తనం కొన్ని సంవత్సరాలు సజీవంగా ఉండగలదు. తుంగ, గరిక వంటి బహువార్షికాలకు వేసవి లోతు దుక్కి మేలు చేస్తుంది. వయ్యారిభామ విత్తనాలు రాలిన చేనులో అదే దుక్కి వాటిని భద్రపరుస్తుంది. మరుసటి లోతు దుక్కి తిరిగి పైకి తెస్తుంది.

అందువలన విత్తనాలు రాలిన చేనులో మట్టిని తిరగవేయరాదు. తొలకరికి మొలిచిన కలుపును గుంటకతో పైపైన నశింపజేసి, తర్వాత పంట విత్తాలి. ఈ మొక్క మొలిచిన 4–6 వారాలలో పూస్తుంది కనుక గట్లపై మొక్కలను పూతకు ముందే, 3–4 వారాలకొకసారి తొలగించాలి. మెక్సికన్ పెంకు పురుగు ఆకులను తిని జమను తగ్గిస్తుందే తప్ప, నేలలోని నిల్వను తాకదు.

నిల్వను కొలవడం కష్టం కాదు. తొలకరికి ముందు 5 సెం.మీ. వ్యాసం గల గొట్టంతో 10 చోట్ల మట్టి తీసి, 0–5, 5–15 సెం.మీ. పొరలను వేరుచేయాలి. ట్రేలలో పలుచగా పరచి, తడిపి, మొలకలను లెక్కించి తీసివేయాలి. మట్టిని కదిలించి మరో రెండు సార్లు పునరావృతం చేయాలి. పది నమూనాల వైశాల్యం 196 చ.సెం.మీ.; కావున ఒక్కో మొలక చదరపు మీటరుకు సుమారు 51 విత్తనాలకు సమానం. నిద్రావస్థలోని విత్తనాలు ఇందులో చేరవు కనుక దీనిని కనీస సంఖ్యగానే గ్రహించాలి.

ఏటా ఈ సంఖ్య తగ్గకపోతే, చేను ఎంత శుభ్రంగా కనిపించినా, రైతు కూలికి, కలుపు మందుకు పెట్టే వ్యయం మరుసటి ఏడూ తప్పదు. ప్రదర్శన క్షేత్రాల నివేదికలలో మొక్కల లెక్కతో పాటు ఈ లెక్కనూ చేర్చడం అవసరం.