అడుగు కరిగిన చెరువులు

సోషల్ పాఠంలో టండ్రా గురించి చదివినప్పుడు నాకో అనుమానం వచ్చింది. ఆర్కిటిక్ సముద్రం చుట్టూ ఉన్న సైబీరియా, అలాస్కా, ఉత్తర కెనడాల్లో వానా మంచూ కలిపినా చాలాచోట్ల ఏడాదికి 250 మిల్లీమీటర్లు దాటదు. అయినా అక్కడ లెక్కలేనన్ని చెరువులున్నాయి. ఎలా?

జవాబు నేల అడుగున ఉంది. అక్కడ పైన ఒక పొర మాత్రమే ఎండాకాలంలో కరుగుతుంది. కింది నేల ఏళ్ళ తరబడి గడ్డకట్టే ఉంటుంది. దీన్ని పెర్మాఫ్రాస్ట్ అంటారు. కొన్నిచోట్ల ఇది వందల మీటర్ల లోతు ఉంటుంది. నీరు కిందికి ఇంకదు కాబట్టి పైనే నిలుస్తుంది.

ఇది నేను చేసి చూశాను. అడుగున చిల్లులున్న డబ్బాలో తడి ఇసుక నింపి, కొట్టువాళ్ళ ఐసుపెట్టెలో రాత్రంతా ఉంచాను. పొద్దున్నే దానిమీద చల్లటి నీళ్ళు పోస్తే చుక్క కారలేదు. ఎండ తగిలి ఇసుక కరిగాక నీళ్ళన్నీ కిందికి పోయాయి.

సైబీరియాలో జరిగింది అచ్చం ఇదే. శాస్త్రజ్ఞులు 1973లో ఉపగ్రహం తీసిన ఫొటోలను 1997-98 ఫొటోలతో పోల్చారు. సుమారు 100 ఎకరాలకు మించిన చెరువులు మొదట 10,882 ఉంటే, తర్వాత 9,712 మిగిలాయి. చాలావరకు చిక్కిపోయాయి. 125 మాత్రం పూర్తిగా ఇంకిపోయి, వాటిలో గడ్డి మొలిచింది. ఈ సంగతి 2005లో ప్రకటించారు.

ఇంకో విచిత్రం చూడండి. ఇంకా ఉత్తరాన, గడ్డకట్టిన నేల మందంగా ఉన్నచోట, చెరువుల విస్తీర్ణం పెరిగింది! ఎందుకంటారా? అక్కడ ముందు గట్లలోని మంచు కరిగి నేల కుంగుతుంది, చెరువు వెడల్పవుతుంది. అడుగు ఇంకా గట్టిగానే ఉంది కాబట్టి నీరు నిలుస్తుంది. అడుగు కూడా కరిగిన రోజున అదీ ఇంకిపోతుంది. అంటే చెరువు పెరిగిందని సంతోషించడానికి లేదు.

నదుల సంగతీ మారింది. ఓబ్, యెనిసెయ్, లీనా మొదలైన ఆరు పెద్ద నదులు ఆర్కిటిక్ సముద్రంలో కలిపే నీరు 1936 నుంచి 1999 లోపు సుమారు 7 శాతం పెరిగింది. గాలి వేడెక్కితే తేమ ఎక్కువ మోస్తుంది, ఉత్తరాన వానా మంచూ ఎక్కువ పడతాయి.

నీరు ఎక్కువైతే మంచిదే కదా అనుకోవద్దు. అలాస్కాలోని బ్రూక్స్ పర్వతాల్లో కనీసం 75 వాగులు తుప్పు రంగుకు తిరిగాయని 2024లో తెలిపారు. గడ్డకట్టి ఉన్నన్నాళ్ళు రాతిలోని ఇనుము, గంధకం కదలకుండా ఉన్నాయి. నేల కరిగి నీరూ గాలీ తగిలేసరికి ఆమ్లం పుట్టి, లోహాలు వాగులో కలుస్తున్నాయి. చేపలకు అది విషం. ఆ చేపలే తిండిగా, ఆ నీరే తాగునీరుగా బతికే ఆదివాసీలు అక్కడ ఉన్నారు.

అలాస్కాలోనే న్యూటాక్ అని యూపిక్ ఆదివాసీల ఊరుండేది. నేల కరిగి మెత్తబడి, పక్కన నది గట్టును కోసేస్తూ ఇళ్ళ దాకా వచ్చింది. 2019 నుంచి జనం మెర్టార్విక్ అనే కొత్త చోటికి తరలిపోయారు. పొగ వదిలిన ఫ్యాక్టరీలూ మోటారుబళ్ళూ ఎక్కడో ఉన్నాయి. ఊరు వదిలింది వీళ్ళు.

1979 నుంచి ఆర్కిటిక్ ప్రాంతం ప్రపంచ సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కిందని లెక్క తేలింది. తెల్లటి మంచు ఎండను తిప్పికొడుతుంది. అది కరిగితే నల్లటి నీరు ఎండను తాగేస్తుంది, ఇంకా మంచు కరుగుతుంది.

కాబట్టి ఒక చెరువు గురించి తెలుసుకోవాలంటే పైన నీరెంతో కొలిస్తే చాలదు, కింద నేల ఎలా ఉందో కూడా చూడాలి.

మీరూ చేయండి: డబ్బా ప్రయోగంలో ఇసుకకు బదులు బంకమట్టి పెడితే, కరిగాక నీళ్ళు ఎంతసేపట్లో పోతాయి? చూసి, వచ్చే సంచికకు రాయండి.